ఏసీ కొనేముందు ఒకసారి టెర్రస్ ఎక్కి చూడండి

2024 ఏప్రిల్ బిల్లు 610 యూనిట్లు. మీటర్ చూసే అబ్బాయి మిషన్‌లోంచి కాగితం సర్రున చింపి చేతిలో పెట్టేటప్పుడు నా మొహం కూడా చూడలేదు, ఆ నెలలో అందరి మొహాలూ ఒకేలా ఉంటాయని అర్థమైపోయి ఉంటుంది పాపం. దగ్గర దగ్గర ఐదు వేలు. సరే డబ్బులు పోతే పోయాయి, హాయిగా పడుకున్నామా అంటే అదీ లేదు, రెండు బెడ్‌రూముల్లో రెండు ఏసీలు రాత్రంతా తిరుగుతూనే ఉండేవి, తెల్లవారుజామున నాలుగింటికి లేచి చూసినా బయట యూనిట్ గుర్రుమంటూనే ఉండేది.

మాది నాచారంలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, మేముండేది ఐదో ఫ్లోర్. కొనేటప్పుడు బ్రోకర్ "పైన ఎవ్వరుండరు సార్, చప్పుడు లేదు, గాలి వెలుతురు మస్తుగుంటది" అన్నాడు. నిజమే, పైన ఎవరూ లేరు, సూర్యుడు తప్ప.

ఆ నెలలోనే అమ్మ ఊర్నుంచి వచ్చింది. ఆవిడకి ఏసీ పడదు, కాళ్ళు గుంజుతాయి అంటుంది, అందుకని హాల్లో చాప వేసుకుని పడుకుంది. రాత్రి పదిన్నరకి నన్ను లేపి "ఇదేందిరా, గోడ రొట్టె పెంక లెక్క కాలుతుంది, పైన ఎవరన్న మంట పెట్టిన్రా" అని అడిగింది. చెయ్యి పెట్టి చూస్తే నిజంగానే గోరువెచ్చగా కాదు, బాగా వేడిగా ఉంది. బయట బాల్కనీలో చల్లగాలి వస్తోంది, లోపల మాత్రం ఉడికిపోతోంది. పదేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటూ నేను ఎప్పుడూ ఆ గోడ మీద చెయ్యి పెట్టి చూడలేదు, ఏసీ రిమోట్ మీద తప్ప.

తర్వాత తెలిసింది ఏంటంటే, గోడ ఒక్కటే కాదు, నెత్తి మీది కప్పుదీ ఇదే కథ, మన అపార్ట్‌మెంట్ల స్లాబు ఐదంగుళాల కాంక్రీటు, అది పొద్దున్నుంచీ ఎండని తాగుతూనే ఉంటుంది, ఆ వేడి కింది వైపుకి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. అంటే మధ్యాహ్నం రెండింటికి తిన్న ఎండని స్లాబు రాత్రి పూట తీరిగ్గా నెమరేస్తుంది, సరిగ్గా మనం పడుకునే టైముకి. పైన ఎండ పోయిందని మనం అనుకుంటాం గానీ అది మన నెత్తి మీదే ఉంటుంది.

అప్పటికి నేను హాల్లోకి మూడో ఏసీ కొందామని ఆఫర్లు చూస్తున్నా. అమ్మ గోడ మాట అన్నాక మర్నాడు మధ్యాహ్నం, కరోనా టైములో కొన్న నుదుటి థర్మామీటర్ గన్ ఉంది కదా, డ్రాయర్‌లో పడుంది, దాంట్లో వస్తువుల వేడి చూసే మోడ్ కూడా ఉంటుంది, అది పట్టుకుని టెర్రస్ ఎక్కా. చెప్పులు లేకుండా రెండడుగులు వేసి ఎగురుకుంటూ వెనక్కొచ్చా. చెప్పులేసుకుని వెళ్ళి గన్ నొక్కితే అంకె రాలేదు, 'హై' అని వచ్చింది. ముందు నన్ను పలకరిస్తోందేమో అనుకున్నా. ఆ గన్ అరవై డిగ్రీల వరకే చూపిస్తుందట, దాని పైన ఏదున్నా హై అనే అంటుంది. అంటే నా బెడ్‌రూమ్ కప్పు అరవై దాటింది, కింద నేను దాన్ని 22లో పెట్టిన ఏసీతో కొడుతున్నా. పొయ్యి మీద గిన్నె పెట్టి అందులో ఐసు ముక్కలు వేసుకుంటూ కూర్చున్నట్టు.

మూడో ఏసీ ఆలోచన ఆ రోజే పోయింది, దాని బదులు టెర్రస్‌కి తెల్ల రంగు వేయిద్దామనుకున్నా.

తెల్ల రంగు సంగతి మనకి కొత్తేం కాదు, ఊళ్ళో డాబాల మీద సున్నం కొట్టడం మా చిన్నప్పుడు ప్రతి ఎండాకాలం చూసిందే. ఇప్పుడు దాన్నే కూల్ రూఫ్ అంటున్నారు, ఎండని తాగకుండా వెనక్కి కొట్టే కప్పు. 2017లో హైదరాబాద్‌లోనే పాతిక దాకా పేద కుటుంబాల ఇళ్ళ కప్పుల మీద తెల్ల షీట్లు పరిచి చూశారు, గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ వాళ్ళు కూడా ఉన్నారు అందులో, లోపల సగటున సుమారు రెండు డిగ్రీలు తగ్గింది. రెండేనా అనకండి, కరెంటు ఖర్చు లేకుండా తగ్గే రెండు డిగ్రీలు అవి. తర్వాత 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, అప్పట్లో కేటీఆర్ మున్సిపల్ మంత్రి, ఐదేళ్ళలో రాష్ట్రమంతా కలిపి 300 చదరపు కిలోమీటర్ల కప్పులు ఇలా మార్చాలని టార్గెట్. కొత్తగా కట్టే గవర్నమెంటు, కమర్షియల్ బిల్డింగులన్నిటికీ, ఇళ్ళలో అయితే 600 గజాలు ఆ పైన ఉన్నవాటికి తప్పనిసరి అన్నారు. 600 గజాల ఇల్లున్నోళ్ళకి ఎలాగూ చెట్లుంటాయి, అసలు ఉడికిపోయేది అరవై గజాల్లో రేకులేసుకున్నోళ్ళు కదా అని నాకనిపించింది, సరే అది వేరే కథ.

మాకు పర్మిషన్ దొరకడమే పెద్ద పని. టెర్రస్ అందరిదీ, ఉడికేది మాత్రం ఐదో ఫ్లోర్ వాళ్ళం. అసోసియేషన్ మీటింగ్‌లో రెండో ఫ్లోర్ అంకుల్ "మాకు లేని వేడి మీకెందుకుంటది" అన్నారు, ఆయన్ని టెర్రస్ మీదికి చెప్పుల్లేకుండా రమ్మన్నా, రాలేదు. చివరికి ఎవరి నెత్తి మీద వాళ్ళు, ఎవరి డబ్బుతో వాళ్ళు వేసుకోవచ్చని తేలింది. 2025 మార్చి మొదట్లో తెల్ల రంగు వేయించా, మా ఫ్లాట్ పైన పన్నెండొందల అడుగులు, ఇరవై లీటర్ల బకెట్లు రెండు, ఇద్దరు మనుషులు రోజున్నర, అంతా కలిపి పద్నాలుగు వేలయింది. ఇక్కడ ఒక మాట, రంగు వేసేముందు పగుళ్ళు పూడ్చుకోవాలి, వైర్ బ్రష్‌తో గీకి కడిగి బాగా ఆరనివ్వాలి, లేదంటే మొదటి వానకే పొరలు పొరలుగా లేచిపోతుంది. అంత పెట్టలేకపోతే సున్నంలో కాస్త ఫెవికాల్ కలిపి రెండు కోటింగులు కొట్టినా పని చేస్తుంది, కాకపోతే ప్రతి ఏడాదీ కొట్టాలి. పింగాణీ ముక్కల మొజాయిక్ వేస్తే ఇరవై ఏళ్ళు చూడక్కర్లేదు గానీ ఖర్చెక్కువ, బరువు కూడా.

వేశాక ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం రెండింటికి మళ్ళీ గన్ పట్టుకెళ్ళా. పక్క ఫ్లాట్ వాళ్ళ బూడిదరంగు స్లాబు మీద పెడితే 'హై'. ఒక్క అడుగు ఇవతల మా తెల్లదాని మీద 45. రాత్రి తొమ్మిదింటికి హాల్లో కుర్చీ ఎక్కి సీలింగ్ చూస్తే 34, అంతకు ముందేడాది అదే టైముకి 39 ఉండేది. ఐదు డిగ్రీల తేడా చెప్పుకోవడానికి చిన్నదే గానీ నెత్తి మీద ఉన్న కప్పు ఒంటి వేడికన్నా ఎక్కువుందా తక్కువుందా అన్నది పడుకున్నోడికి బాగా తెలుస్తుంది.

పడమటి కిటికీ ఇంకో దొంగ. సాయంత్రం ఎండ అందులోంచి సూటిగా మంచం మీద పడేది, మందపాటి కర్టెన్లు కొన్నాం, ఏం లాభం లేదు, ఎందుకంటే ఎండ అద్దం దాటి లోపలికొచ్చేశాక కర్టెన్ వేడెక్కి ఆ వేడి గదిలోకే ఇస్తుంది. ఆపేదేదో అద్దానికి బయటే ఆపాలి. నర్సరీల్లో కట్టే గ్రీన్ నెట్ తెచ్చి బయట గ్రిల్‌కి కట్టా, మూడొందలు. మా ఆవిడకి చూడ్డానికి నచ్చలేదు, "కన్‌స్ట్రక్షన్ సైట్ లాగుంది" అంది. నిజమే.

ఇక ఫ్యాన్లు. మామూలు ఫ్యాన్ 75 వాట్లు లాగుతుంది, బీఎల్‌డీసీ ఫ్యాన్ అయితే 30 చుట్టుపక్కల, గాలి అంతే. లోపల తీగ చుట్ట తిప్పే మోటారుకి బదులు అయస్కాంతాలు పెట్టి ఎలక్ట్రానిక్ బోర్డుతో తిప్పుతారు, అంతే తేడా. హాల్లో ఫ్యాన్, అమ్మ రూమ్ ఫ్యాన్ రోజుకి పదహారు గంటలు తిరుగుతాయి మా ఇంట్లో, లెక్క వేస్తే ఒక్కో ఫ్యాన్ మీద నెలకి ఇరవై ఒక్క యూనిట్లు మిగులుతాయి. ఆ మిగిలే యూనిట్లు ఏ రేటువో చూడాలి. మన దగ్గర 200 యూనిట్ల లోపు ఉన్నంతసేపు ఒక కథ, అది దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు మారి 5.10, 300 దాటిన యూనిట్లు తొమ్మిది రూపాయలు, 400 దాటితే తొమ్మిదిన్నర. మనం ఏ యూనిట్ ఆదా చేసినా అది పైనుంచే తగ్గుతుంది, అంటే తగ్గేవన్నీ తొమ్మిది రూపాయల యూనిట్లే. అలా చూస్తే మూడు వేల ఫ్యాన్ ఒకటి కొంటే ఎండాకాలం నెలకి దగ్గర దగ్గర రెండొందలు తిరిగొస్తుంది. ఇంకో లాభం నేను అనుకోనిది, కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ బ్యాటరీ మీద మునుపు మూడు గంటలొచ్చేది ఇప్పుడు ఐదు దాటుతోంది.

కష్టం కూడా చెప్పాలి. గోడకున్న పాత రెగ్యులేటర్ తీసేయాలి, లేకపోతే ఫ్యాన్ లోపలి బోర్డు పాడైపోవచ్చు, రిమోట్‌తోనే స్పీడు మార్చాలి. అమ్మ ఆ రిమోట్‌ని దిండు కింద పెట్టుకుని, దిండు ఎండలో వేసి, రిమోట్ కోసం ఇల్లంతా వెతికిన రోజులున్నాయి. ఇప్పుడు రిమోట్‌కి తాడు కట్టి మేకుకి వేలాడదీశా.

అమ్మకి ఏసీ పడదన్నాగా, అందుకే హాల్లోకి ఏసీ బదులు కూలర్ వచ్చింది. కోఠి ట్రూప్ బజార్‌లో రేకు బాడీది, గడ్డి పెట్టేది, ప్లాస్టిక్ బాడీ, తేనెపట్టు ప్యాడ్లది కూడా చూశాం గానీ అమ్మ గడ్డిదే కావాలంది. కూలర్ గురించి చాలామందికి ఒక అపోహ ఉంది, అది ఏసీకి తమ్ముడు అనుకుని తలుపులన్నీ బిగించి ఆన్ చేస్తారు, గంటకి గదంతా జిడ్డు జిడ్డు, ఇది పనికిరాదని మూల పడేస్తారు. కూలర్ చేసేదల్లా నీళ్ళని ఆరబెట్టడమే, లీటరు నీళ్ళు ఆరాలంటే దాదాపు 0.68 యూనిట్ల వేడి కావాలి, ఆ వేడిని అది గాలిలోంచి లాక్కుంటుంది, గాలి చల్లబడుతుంది కానీ తడి ఎక్కుతుంది. ఆ తడిగాలి బయటికి పోవాలి. కాబట్టి కూలర్ వీపు కిటికీ బయటికుండాలి, గదికి ఎదురుగా ఇంకో కిటికీ తెరిచుండాలి. చిన్నప్పుడు మామయ్య వాళ్ళింట్లో కిటికీకి వట్టివేళ్ళ తడకలు కట్టి మధ్యాహ్నం చెంబుతో నీళ్ళు చల్లేవాళ్ళు, అదే పని, ఫ్యాన్ ఒక్కటే లేదు, వాసన మాత్రం ఇప్పటి ఏ కూలర్‌లోనూ రాదు.

మన హైదరాబాద్ ఎండ పొడి ఎండ, అదే మన అదృష్టం. ఏప్రిల్ మధ్యాహ్నం 40 డిగ్రీలుండి గాలిలో తేమ ఇరవై శాతం ఉంటే మంచి కూలర్ నుంచి 26 డిగ్రీల గాలి వస్తుంది, అదీ రెండొందల వాట్ల లోపు కరెంటుతో. అదే కూలర్‌ని జులైలో, 31 డిగ్రీలూ 75 శాతం తేమా ఉన్న రోజు పెడితే 28 వస్తుంది, చల్లదనం లేదు, చెమట మిగులుతుంది. అందుకే విజయవాడలో ఉండే మా బావ కూలర్ మాటెత్తితే నవ్వుతాడు, ఆయన ఊళ్ళో ఆయన కరెక్టే. ఇంకోటి, మా కూలర్ రోజుకి యాభై అరవై లీటర్ల నీళ్ళు తాగుతుంది. బోర్లు ఎండిపోయి ట్యాంకర్ కోసం ఎదురుచూసే మే నెలలో ఇది చిన్న విషయం కాదు, పైగా బోరు నీళ్ళ ఉప్పు గడ్డి మీద తెల్లగా పేరుకుపోయి నెల తిరిగేసరికి గాలి సగమవుతుంది. గడ్డి మారిస్తే రెండొందలు, మార్చకుండా కూలర్‌ని తిడితే ఫ్రీ.

ఏసీలు తీసేశామా అంటే లేదు, ఉన్నాయి, కానీ ఇప్పుడు 26లో పెట్టి పైన ఫ్యాన్ రెండులో తిప్పుతాం. ఒక్క డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు తగ్గుతుందని బీఈఈ, అదే స్టార్లు ఇచ్చే సంస్థ, ఎప్పటినుంచో చెప్తోంది, అందుకే 2020 జనవరి నుంచి అమ్మే ఏసీలన్నీ ఆన్ చేయగానే 24లో మొదలవుతాయి. మన వేలు ఊరుకోదు, రిమోట్ తీయగానే 18కి కొడుతుంది, తొందరగా చల్లబడుతుందని. మామూలు ఏసీ అయితే 18లో పెట్టినా 24లో పెట్టినా చల్లబడే వేగం అంతే, ఆగేది ఎప్పుడన్నదే తేడా.

స్టార్ల గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. లేబుల్ మీద రాసిన యూనిట్లు ఏడాదికి 1600 గంటల వాడకానికి, అంటే రోజుకి ఎనిమిది గంటల చొప్పున రెండొందల రోజులు. ఆ లెక్కన నేను షాపులో చూసిన టన్నున్నర ఏసీల్లో త్రీ స్టార్‌కీ ఫైవ్ స్టార్‌కీ మధ్య రెండొందల యూనిట్ల దగ్గర తేడా ఉంది, ధరలో ఏడెనిమిది వేల తేడా. ఆఫీసు ఇంట్లోనే పెట్టుకుని పగలూ రాత్రీ వాడేవాళ్ళకి ఫైవ్ స్టారే, నాలుగేళ్ళలో డబ్బులొచ్చేస్తాయి. ఏప్రిల్ మే రెండు నెలలు రాత్రి పూట మాత్రమే వేసుకునేవాళ్ళకి అది ఐదొందల గంటలే కదా, ఏడాదికి ఆరొందలు మిగులుతాయి, ఏసీ పాతబడిపోయే వరకూ ఆ ఏడు వేలు తిరిగిరావు. ఆ డబ్బు టెర్రస్ మీద పెట్టండి. ఏసీ ఇన్వర్టర్ రకమా కాదా అన్నది మాత్రం చూసుకోవాలి, పాత రకం కంప్రెసర్ ఫుల్లుగా తిరిగి ఆగి మళ్ళీ ఫుల్లుగా మొదలవుతుంది, సిటీ బస్సు ప్రతి స్టాపులో ఆగినట్టు, ఇన్వర్టర్‌ది ఔటర్ రింగ్ రోడ్ మీద ఆగకుండా, అవసరాన్ని బట్టి స్పీడు తగ్గించుకుంటూ పెంచుకుంటూ పోయే బండి.

గ్యాస్ సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. వరసగా మూడేళ్ళు సర్వీసుకొచ్చినాయన "అన్నా గ్యాస్ తగ్గింది, నింపాలె" అని ప్రతిసారీ రెండున్నర వేలు తీసుకెళ్ళాడు, నేనూ పెట్రోల్ అయిపోయినట్టే అయిపోతుందేమో అనుకున్నా. ఏసీలో గ్యాస్ అయిపోదు, తిరిగిందే తిరుగుతుంటుంది, తగ్గిందంటే ఎక్కడో లీకుంది, ముందు అది పట్టుకోవాలి. నాలుగో ఏడు ఇంకొకాయన వచ్చి సబ్బు నురగ రాసి పైపు నట్టు దగ్గర బుడగలు చూపించాడు, నట్టు మార్చి పైపు అంచు మళ్ళీ మడిచి బిగించాడు, అంతే, ఆ తర్వాత గ్యాస్ నింపే పని పడలేదు. పోయిన ఆ గ్యాస్ ఊరికే కూడా పోదు, కొత్త ఏసీల్లో వచ్చే ఆర్-32 కిలో గాల్లో కలిస్తే 675 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, పాత ఆర్-22 అయితే 1800 పైనే.

బయట యూనిట్ ఎక్కడ పెట్టారో కూడా ఒకసారి చూసుకోండి. మా బిల్డింగ్‌లో నాలుగు ఫ్లాట్ల యూనిట్లూ ఒకే ఇరుకు డక్ట్‌లో ఒకదాని మొహానికి ఒకటి ఎదురుగా ఉన్నాయి, ఒకరి వేడి ఇంకొకరు పీల్చుకుంటూ. మాది బాల్కనీ పక్క గోడ మీదికి మార్పించా, అదనంగా పైపు పట్టింది, ఒప్పుకుంటా, అయినా గది చల్లబడ్డం ఇప్పుడు పావుగంటలోనే.

చలికాలం గురించి మనకి పెద్దగా రాయడానికేం లేదు, గదులు వేడి చేసుకునే అవసరం మన ఊళ్ళో దాదాపు ఎవరికీ రాదు, మనకి చలంటే గీజర్. టొరంటోలో ఉండే మా పిన్ని కొడుకు ఇంట్లో హీట్ పంప్ పెట్టించాడు, అది ఏసీనే, తిరగేసి నడుస్తుంది, బయట చలిగాలిలో ఉన్న కాస్త వేడిని కూడా పిండి లోపలికి తెస్తుంది, ఒక యూనిట్ కరెంటుకి రెండు మూడు యూనిట్ల వేడి. అదే సూత్రంతో నీళ్ళు కాచేవి ఇక్కడా దొరుకుతున్నాయి కానీ ఖరీదెక్కువ. బకెట్ నీళ్ళు వేడి చేయడానికి గీజర్‌కి 0.4 యూనిట్ దాకా అవుతుంది, నలుగురికి ఒకటిన్నర, అంతకు మించి అయ్యేదంతా పొద్దున ఆరింటికి ఆన్ చేసి మర్చిపోవడం వల్లే. మా ఇంట్లో మర్చిపోయేది నేనే.

2025 ఏప్రిల్ బిల్లు 380 యూనిట్లు. మే కాదు ఏప్రిల్‌తోనే పోలుస్తున్నా, ఎందుకంటే ఆ ఏడు మేలో వానలు ముందే పడ్డాయి, ఆ ఘనత నేను కొట్టేస్తే బాగోదు.

రంగు బకెట్‌లో పావు వంతు మిగిలింది. టెర్రస్ మీద వాచ్‌మన్ వాళ్ళ రూమ్ ఉంది, సిమెంటు రేకులది, అతను, అతని భార్య, ఇద్దరు పిల్లలు. ఇంత కథ నడిపి, గన్ పట్టుకుని టెర్రస్ అంతా తిరిగి, ఆ రేకు మీద మాత్రం నేను ఒక్కసారి కూడా పెట్టలేదు. పనివాళ్ళే "సార్ ఇది మిగిలింది, ఏం చేద్దాం" అని అడిగితే అప్పుడు కళ్ళు అటు పోయాయి. లోపలికెళ్ళి నిలబడి రేకు అడుగున గన్ పెడితే 53. పిల్లలు మెట్ల మీద ఆడుకుంటున్నారు, ఆటకి కాదు, నీడకని నాకప్పుడు తెలిసింది. రేకుల మీద ఒక కోటింగే వచ్చింది, రెండోదానికి నేనే ఇంకో నాలుగు లీటర్లు తెచ్చిచ్చా. మర్నాడు అదే టైముకి 42. ఆమె మాత్రం గన్ వైపు చూడలేదు, మధ్యాహ్నం తలుపు వేసుకుని పడుకుంది.